సొంత బండికి రిపేరు మాన్యువల్: ఏది కొనాలి, కొనేముందు ఏ పేజీలు చూడాలి

టాపెట్ల గ్యాప్ (ఇంజిన్ వాల్వులకూ, వాటిని నొక్కే రాకర్లనే చేతులకూ మధ్య సందు) ఎంత పెట్టాలని ఆటోనగర్‌లో నాలుగు షెడ్లలో అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. అయినా ఆ నలుగురి చేతిలో పడ్డ బండ్లూ బాగానే నడుస్తాయి. వేల బండ్లు చూసిన వేళ్లు అవి. ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచటి రేకు) ఎంత బిగువుగా జారుతోందో చూసి గ్యాప్ చెప్పేస్తారు. ఇంట్లో ఏడాదికి రెండు మూడుసార్లు పానా పట్టేవాళ్లకు ఆ చేతివాటం రాదు. దానికి బదులు కచ్చితమైన అంకె కావాలి: ఎన్ని మిల్లీమీటర్లు, ఎంత బిగువు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత అరిగాక పారేయాలి. మంచి మాన్యువల్‌ అంటే ఈ అంకెలు మీ ఇంజిన్‌కే సరిపోయేలా, తప్పుల్లేకుండా ఇచ్చే పుస్తకం. అట్ట, బొమ్మలు, పేజీల సంఖ్య చూసి కొంటే డబ్బు దండగ అవుతుంది, ఒక్కోసారి ఇంజినే పోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు బండి పేరు చూసి పుస్తకం కొనడం. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350నే తీసుకోండి. పేరు ఒక్కటే, లోపల మూడు రకాలు. మన రోడ్ల మీద 2020కి ముందు వచ్చినవి కార్బురేటర్ ఉన్న యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజిన్, అంటే ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే కేసులో ఉన్నవి) రకం: 346 సీసీ, బోరు (సిలిండరు వెడల్పు) 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలతో అదే ఇంజిన్‌కి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 2021 సెప్టెంబరులో విడుదలైన కొత్త క్లాసిక్‌లో ఉన్నది జె సిరీస్: 349 సీసీ, బోరు 72, స్ట్రోకు 85.8. ఈ రెండు ఇంజిన్లకీ పెద్దగా చుట్టరికం లేదు. యూసీఈలో ఆయిల్ ఒత్తిడితో వాటంతటవే సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లు ఉంటాయి కాబట్టి గ్యాప్ సర్దే పనే ఉండదు. జె సిరీస్‌లో క్యామ్ పైన హెడ్‌లో ఉంటుంది, మెయింటెనెన్స్ పట్టికలో చెప్పిన కిలోమీటర్లకు గ్యాప్ చూసుకోవాలి. యూసీఈ పుస్తకం పెట్టుకుని జె సిరీస్ బండికి పని చేస్తే టాపెట్ల పేజీ అసలు కనిపించదు. చూడాల్సిన పని ఒకటుందని కూడా తెలియకుండా బండి తిరుగుతూనే ఉంటుంది.

బుల్లెట్ 350 అయితే ఇంకా చిక్కు. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి ఇంజిన్ వేరు, గేర్‌బాక్సు వేరు, దేని ఆయిల్ దానిదే. దాని టాపెట్లకు ఫీలర్ గేజి అక్కర్లేదు: ఇంజిన్ చల్లగా ఉండగా పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకులో పైకి తెచ్చి, పుష్‌రాడ్డు వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. ఆ తర్వాత బుల్లెట్‌కి యూసీఈ వచ్చింది, 2023 సెప్టెంబరులో జె సిరీస్ వచ్చింది. ట్యాంకు మీద రాత ఒకటే, చేయాల్సిన పనులు మూడు రకాలు. పల్సర్ 150 కూడా ఇంతే. 2001 నాటి మొదటి బండికి ఒక ప్లగ్గు, 2003లో వచ్చిన డీటీఎస్-ఐ మోడల్‌కి రెండు.

అందుకే మాన్యువల్ వెతికే ముందు ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు రాసి పెట్టుకోండి. నిజమైన సర్వీస్ మాన్యువల్ మొదటి పేజీల్లోనే ఆ పుస్తకం ఏ మోడల్ కోడ్‌కి, ఏ ఫ్రేమ్ నంబరు దగ్గర్నుంచి వర్తిస్తుందో చెబుతుంది. ఆ పేజీ లేని పుస్తకాన్ని, లేదా ఆ పేజీ ఫొటో పంపడానికి అమ్మేవాడు ఒప్పుకోని పుస్తకాన్ని పక్కన పెట్టేయండి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండైతే ఇంకో మాట. మన దేశంలో 125 సీసీ దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. అంతకు ముందు పుస్తకంలో ఉన్న బ్రేకు లైను బొమ్మ, ఆ లైనులోంచి గాలి తీసే వరుస ఇప్పటి బండికి సరిపోవు.

కంపెనీ సర్వీస్ మాన్యువల్

సొంత పనికి మొదటి ఓటు దీనికే. షోరూము మెకానిక్ కోసం రాసినది కాబట్టి వివరణ తక్కువ, అంకెలు ఎక్కువ. దాని అసలు విలువ ప్రతి అధ్యాయం మొదట్లో ఉండే రెండు నిలువు వరుసల పట్టికలో ఉంటుంది. ఒక వరుసలో కొత్త భాగం కొలత, పక్కన సర్వీస్ లిమిట్, అంటే ఇంతకంటే అరిగితే మార్చాల్సిందే అనే గీత. క్లచ్ ప్లేటు మందం, రింగు గ్యాప్, బ్రేకు డిస్కు మందం, పిస్టన్‌కీ బోరుకీ మధ్య సందు, అన్నిటికీ ఈ రెండు అంకెలుంటాయి. ఈ రెండో అంకె తెలిస్తే విప్పిన భాగాన్ని మార్చాలో, మళ్లీ వేసుకోవచ్చో వెర్నియర్ అనే కొలత పరికరంతో మీరే తేల్చుకోవచ్చు. ‘క్లచ్ ప్లేట్లు పోయాయి సార్’ అన్న మాటను కొలిచి చూసుకునే అవకాశం ఇచ్చేది ఆ ఒక్క వరుసే. ఓనర్స్ మాన్యువల్‌లో అది ఉండదు.

లోపాలూ ఉన్నాయి. చదివేవాడికి పని వచ్చనే నమ్మకంతో రాస్తారు. ‘మాగ్నెట్ తీయండి’ (క్రాంకు చివర తిరిగే అయస్కాంతాల చక్రం) అని ఒక్క ముక్కలో చెప్పి, పక్కన స్పెషల్ టూల్ నంబరు ఇస్తారు. ఆ టూల్, అంటే మాగ్నెట్‌ను లాగి తీసే పుల్లర్, లేకుండా సుత్తితో కొడితే క్రాంకు షాఫ్టు చివర మర పాడవుతుంది, మాగ్నెట్ లోపలి అయస్కాంతాలు ఊడొచ్చు. కాబట్టి మాన్యువల్ చేతికి రాగానే చివరో మొదటో ఉండే స్పెషల్ టూల్స్ పట్టిక తీసి, మీరు చేద్దామనుకుంటున్న పనులకు ఏవి కావాలో చూసుకోండి. పుల్లర్, క్లచ్ పట్టుకునే పరికరం, టాపెట్ స్క్రూ తిప్పే చిన్న కీ కొనుక్కుంటే బండి సొంత పనుల్లో చాలావరకు గడిచిపోతాయి. ఇంజిన్ నిట్టనిలువునా విప్పే పనులు మాత్రం షెడ్డుకే వదలడం మేలు.

ఈ మాన్యువళ్లలో కొత్త సంవత్సరం మార్పులకు పుస్తకం మొత్తం తిరగరాయరు. చివర అనుబంధం జతచేస్తారు. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ఆ అనుబంధం చిరిగిపోయిందేమో చూడండి. మీ బండికి వర్తించే అంకె చాలాసార్లు అక్కడే ఉంటుంది.

టాపెట్ పేజీతో పరీక్ష

ఏ మాన్యువల్ విలువనైనా పది నిమిషాల్లో తేల్చాలంటే టాపెట్ గ్యాప్ పేజీ తెరవండి. స్ప్లెండర్ లాంటి పడుకున్న సిలిండరు ఇంజిన్‌కి ఆ పేజీలో ఇవన్నీ వరుసగా ఉండాలి. ఇంజిన్ చల్లగా ఉండాలన్న మాట, ఎంత చల్లగా అన్న అంకె. హెడ్ మీద రెండు టాపెట్ మూతలు, ఎడమ కవరు మీద రెండు మూతలు తీయమనడం. మాగ్నెట్‌ను ఏ వైపు తిప్పాలి అన్నది. ఈ ఇంజిన్లలో ఎడమ నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశ. మాగ్నెట్ మీది టి గుర్తు కవరు మీది గీతకు ఎదురుగా రావాలన్నది. ఆ తర్వాతి వాక్యం మరీ ముఖ్యం: అప్పుడు రెండు రాకర్లూ కొద్దిగా ఆడాలి, ఆడకపోతే పిస్టన్ పైకి వచ్చింది ఎగ్జాస్ట్ స్ట్రోకులో కాబట్టి ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. ఈ వాక్యం లేని పుస్తకం కొత్తవాళ్లను ముంచుతుంది. తప్పు స్ట్రోకులో గ్యాప్ పెడితే రాకర్ వాల్వును నొక్కి ఉన్నప్పుడే సర్దినట్టు అవుతుంది. స్టార్ట్ చేస్తే టపటపమని మోత, పికప్ ఉండదు.

చివర ఇంకో వాక్యం ఉండాలి: లాక్‌నట్టు బిగించాక మళ్లీ కొలవండి. నట్టు బిగిసేటప్పుడు స్క్రూ కూడా కొద్దిగా కదులుతుంది, అప్పటిదాకా సరిగ్గా ఉన్న గ్యాప్ మారిపోతుంది. గ్యాప్ ఎక్కువైతే చప్పుడు వస్తుంది కాబట్టి తెలిసిపోతుంది. తక్కువైతే ఏ చప్పుడూ ఉండదు, అదే ప్రమాదం. వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పడిపోతుంది, పొద్దున్నే కిక్కులు ఎక్కువ కొట్టాల్సి వస్తుంది, చివరికి ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. ఈ కారణాన్ని ఒక్క వాక్యంలోనైనా చెప్పే పుస్తకం మంచిది. ఇంజిన్ బాగా నిశ్శబ్దంగా ఉందని సంబరపడే అలవాటు దానితో పోతుంది.

ఇక ఆ చల్లదనం అంకె సంగతి. హోండా పద్ధతి మాన్యువళ్లలో ఇంజిన్ 35 డిగ్రీల కంటే తక్కువ వేడిలో ఉండగా గ్యాప్ కొలవమంటారు. జపాన్‌లో అది మామూలు షరతే. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం ఆరుబయట నిలిపిన బండి ఇంజిన్, అసలు స్టార్ట్ చేయకపోయినా, 35 డిగ్రీలకు దిగదు. వేసవిలో ఈ పని తెల్లవారుజామున, రాత్రంతా నీడలో ఉన్న బండికి చేయాలి. మాన్యువల్ రాసినవాళ్లు మన ఎండలకు ఈ మాట ప్రత్యేకంగా రాయరు, మనమే మార్జిన్‌లో రాసుకోవాలి.

బిగువు అంకెలు, కొలమానాల గొడవ

టార్క్ (బిగువు) పట్టికలో రెండు చోట్ల చూడండి. మొదటిది ప్రత్యేక పట్టిక: సిలిండర్ హెడ్ నట్లు, క్లచ్ నట్టు, యాక్సిల్ నట్లు, ఆయిల్ డ్రెయిన్ బోల్టు. రెండోది సాధారణ పట్టిక, చాలామంది దాన్ని దాటేస్తారు. ఎక్కడా ప్రత్యేకంగా చెప్పని బోల్టులకు మర సైజును బట్టి ఎంత బిగించాలో అందులో ఉంటుంది. హోండా మాన్యువళ్లలో 6 మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, 8 మిల్లీమీటర్ల బోల్టుకు 22 నుంచి 27 మధ్య. ఈ సాధారణ పట్టిక లేని మాన్యువల్‌కి ఒక మార్కు తగ్గించండి. బండి మీద ఉన్న బోల్టుల్లో ఎక్కువ భాగం దాని కిందికే వస్తాయి.

పాత జపాన్, మన దేశపు పుస్తకాల్లో బిగువు కేజీఎఫ్ (కిలోగ్రామ్ బలం) మీటర్లలో ఉంటుంది, బ్రిటిష్, అమెరికన్ పుస్తకాల్లో పౌండ్ అడుగుల్లో. 1 కేజీఎఫ్ మీటరు అంటే 9.8 న్యూటన్ మీటర్లు, 10 న్యూటన్ మీటర్లంటే 7.4 పౌండ్ అడుగులు. ఒక వరుస అంకెను ఇంకో వరుస కొలమానంగా చదివితే పది రెట్ల దాకా తేడా వస్తుంది. 6 మిల్లీమీటర్ల బోల్టు అల్యూమినియం కేసులో తెగి కూర్చుంటుంది, లేదా మర స్లిప్పవుతుంది. ఆ తర్వాత డ్రిల్లింగు, హెలికాయిల్ (పోయిన మర చోట వేసే తీగ చుట్ట), లేత్ షాపు చుట్టూ తిరగడం.

ఇదే లెక్కతో నకిలీ పీడీఎఫ్‌లను కూడా పట్టుకోవచ్చు. స్కాన్ చేసిన పుస్తకాన్ని అక్షరాలుగా మార్చినప్పుడు చుక్కలు, సున్నాలు పోతుంటాయి. 0.08 కాస్తా 0.8 అవుతుంది, 2.2 కాస్తా 22. టార్క్ పట్టికలో ఏవైనా ఐదు వరుసలు తీసుకుని న్యూటన్ మీటర్ల అంకెను 9.8తో భాగించండి, కేజీఎఫ్ వరుసతో కలవాలి. 22 ఉన్నచోట 2.2 ఉండాలి, పక్కన పౌండ్ అడుగుల్లో 16. ఒక్క వరుస కలవకపోయినా ఆ ఫైలులో టాపెట్ గ్యాప్‌నీ, రింగు గ్యాప్‌నీ నమ్మలేం.

టార్క్ రెంచి గురించి ఒక మాట ఇక్కడే. కార్లకు వాడే అర అంగుళం టార్క్ రెంచిలు చాలావరకు 25, 30 న్యూటన్ మీటర్ల దగ్గర మొదలవుతాయి. కవరు బోల్టులకు కావాల్సిన 10 అందులో ఉండదు. 5 నుంచి 25 పరిధి ఉన్న చిన్న రెంచి లేకుండా మంచి మాన్యువల్ ఉన్నా ఆ పట్టిక సగం పనికిరాదు.

ఆయిల్ పేజీ చిన్నదే కానీ అందులోనూ నాణ్యత తెలుస్తుంది. ఆయిల్ వంపేసి మళ్లీ పోసేటప్పుడు ఎంత, ఫిల్టరు కూడా మారిస్తే ఎంత, ఇంజిన్ పూర్తిగా విప్పి కట్టాక ఎంత, ఇలా విడివిడిగా ఇవ్వాలి. ఒకే అంకె ఇచ్చే పుస్తకాల్లో అది తరచుగా విప్పి కట్టిన ఇంజిన్ లెక్క. మామూలు సర్వీసింగుకి అంత పోస్తే పొంగి, బ్రీతర్ గొట్టం (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే దారి) గుండా ఎయిర్ ఫిల్టరులోకి ఆయిల్ చేరుతుంది. బ్రిటిష్ పుస్తకంలో పింటు అంటే 568 మిల్లీలీటర్లు, అమెరికన్ పుస్తకంలో 473. ఆయిల్‌లోనే మునిగి తిరిగే క్లచ్ ఉన్న బండికి పుస్తకం గ్రేడుతో పాటు జాసో ఎంఏ గుర్తును (అలాంటి క్లచ్‌కి పనికొచ్చే ఆయిల్ అని తెలిపేది) కూడా చెప్పాలి. కార్లకు ఇంధనం పొదుపు చేసే ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది, ఆ తప్పును ప్లేట్ల మీదకు నెట్టి కొత్తవి వేయించుకుంటారు.

వైరింగ్ బొమ్మ

కలర్‌లో, ఒకే షీటుగా, కనెక్టర్ల బొమ్మలతో ఉండాలి. నలుపు తెలుపు బొమ్మ అయితే ప్రతి తీగ మీద రంగు కోడ్ అక్షరాలు స్పష్టంగా కనిపించాలి. స్కాన్ కాపీల్లో మడత పేజీ రెండు ముక్కలై మధ్యలో ఒక అంగుళం పోవడం మామూలు. సరిగ్గా ఆ అంగుళంలోనే రెగ్యులేటర్ తీగలుంటాయి.

వేరే కంపెనీ బొమ్మతో సర్దుకుందామని మాత్రం అనుకోవద్దు. హోండా బండ్లలో, ఆ డిజైను మీద నడిచిన పాత హీరో హోండా బండ్లలో ఎర్త్ తీగ ఆకుపచ్చ. యమహాలో ఎర్త్ నలుపు. సుజుకీలో నలుపు మీద తెల్ల చార, కవాసాకీలో నలుపు మీద పసుపు చార. హోండాలో ఉత్త నలుపు తీగ కీ ఆన్ చేశాక కరెంటు వచ్చే తీగ. యమహా అలవాటుతో హారన్‌కో అదనపు లైట్లకో ఆ నలుపు తీగను ఎర్త్ అనుకుని కలిపితే ఫ్యూజు ఎగిరిపోతుంది, ఫ్యూజు బదులు తీగ చుట్టిన బండైతే హార్నెస్ (బండి తీగల కట్ట) కాలుతుంది.

ఇంజెక్షన్ బండి అయితే ఎలక్ట్రికల్ భాగంలో తప్పు కోడ్‌ల పట్టిక, ప్రతి కోడ్ కింద దేనిని ఏ పిన్‌ల మధ్య కొలవాలి, ఎన్ని ఓమ్‌లు, ఎన్ని వోల్టులు రావాలి అన్నది ఉండాలి. ‘సెన్సర్ మార్చండి’ అని వదిలేసే పట్టిక పనికిరాదు. చాలాసార్లు తప్పు సెన్సర్‌లో ఉండదు, వానకు తుప్పు పట్టిన కనెక్టర్‌లో ఉంటుంది. పెట్రోలు పైపు తీసే ముందు ప్రెషర్ దించే పద్ధతి ఉందా అని కూడా చూడండి. ఆ లైనులో సుమారు 3 బార్ల ఒత్తిడి ఉంటుంది, కార్బురేటర్ పైపు లాగినట్టు లాగితే వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిమ్ముతుంది.

హేన్స్, క్లైమర్, చిల్టన్: విదేశాల్లో ఉన్నవాళ్లకు

హేన్స్ పుస్తకాలు బ్రిటన్‌లో 1966లో ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కారుతో మొదలయ్యాయి. బండిని పూర్తిగా విప్పి, మళ్లీ కట్టి, ఫొటోలు తీస్తూ రాయడం వాళ్ల పద్ధతి. పని కష్టాన్ని ఒకటి నుంచి ఐదు పానాల గుర్తులతో చూపిస్తారు. చేతికి పని నేర్పే విషయంలో కంపెనీ మాన్యువల్ కంటే ఇవే మెరుగు. ఏ క్లిప్పు ఎటు నొక్కాలో, ఏ బోల్టు వెనక దాగి ఉందో ఫొటోలో కనిపిస్తుంది. బలహీనత కూడా అందరికీ తెలిసిందే: విప్పడం పది మెట్లలో చెప్పి, ‘బిగించడం దీనికి తిరుగు వరుస’ అని ఒక్క వాక్యంతో ముగిస్తారు. బిగించేటప్పుడే కదా కొత్త వాషరు వేయాలా, మరకు నూనె రాయాలా, ఏ వరుసలో బిగించాలి అన్న ప్రశ్నలు వస్తాయి. ఇంకో సంగతి, ఒకే పుస్తకంలో పదేళ్ల మోడళ్లను కలుపుతారు, మీ బండికి ఏ పేరా వర్తిస్తుందో జాగ్రత్తగా ఏరుకోవాలి.

క్లైమర్ ఎక్కువగా బైకుల మీద, అమెరికన్ మార్కెట్ కోసం. చిల్టన్ కార్ల మీద. చిల్టన్ ఇంటి పుస్తకాలు, క్లైమర్ రెండూ హేన్స్ గూటికే చేరాయి కాబట్టి ఒకే కారుకు హేన్స్, చిల్టన్ రెండూ కొనడం దండగ. కొత్త మోడళ్లకు అచ్చు వర్క్‌షాప్ పుస్తకాలు ఆపుతున్నట్టు హేన్స్ 2020లో ప్రకటించింది. అంటే ఈ మధ్య కొన్న కారుకు అచ్చు పుస్తకం దొరుకుతుందని ఆశ పెట్టుకోలేం.

ఇక్కడ ఉన్నవాళ్లు అమెజాన్‌లో ఈ పుస్తకాలు చూసి తొందరపడొద్దు. ఇవి ప్రధానంగా బ్రిటన్, అమెరికా మార్కెట్ల బండ్లకు రాసినవి. ఇక్కడి పాత ఇన్నోవాలోని 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్, హోండా సిటీ కారు అమెరికాలో అమ్మలేదు. పేరు కలిసినా ఇంజిన్, స్టీరింగు వైపు, ఫ్యూజు బాక్సు వేరుగా ఉంటాయి.

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో క్యామ్రీ నడిపేవాళ్లకు ఇంకా మంచి దారులున్నాయి. మసాచుసెట్స్‌లో 2012లో వచ్చిన రిపేరు హక్కు చట్టం, దాని వెంట 2014లో కార్ల కంపెనీలు దేశమంతటికీ ఒప్పుకున్న ఒప్పందం వల్ల బయటివాళ్లకు కంపెనీ సమాచారం డబ్బిచ్చి కొనే వీలు గట్టిపడింది. టొయోటా టెక్నికల్ సైటులో రెండు రోజుల చందా కడితే మీ కారు రిపేరు మాన్యువల్, వైరింగ్ బొమ్మలు చూడొచ్చు. ముందే చేయాల్సిన పనుల పట్టిక రాసుకుని ఆ రెండు రోజుల్లో కావాల్సిన పేజీలు దాచుకోవడం తెలివైన పద్ధతి. చాలా ఊళ్ల పబ్లిక్ లైబ్రరీ కార్డుతో చిల్టన్ ఆన్‌లైన్ సేవ ఉచితంగా వస్తుంది, ముందు అది అడగండి. ఇక్కడ కూడా పేరు మోసం చేస్తుంది. 2012 నుంచి 2017 వరకు 2.5 లీటర్ల క్యామ్రీకి ఫిల్టరుతో కలిపి ఆయిల్ 4.4 లీటర్లు, 2018 నుంచి కొత్త ఇంజిన్‌కి 4.5. ఈ పాత ఇంజిన్ ఫిల్టరు మూత బిగువు 25 న్యూటన్ మీటర్లు, ఆ అంకె మూత మీదే అచ్చై ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా బలం కొద్దీ బిగిస్తే తర్వాతి సర్వీసులో మూత విరుగుతుంది.

స్పేర్ పార్ట్స్ కేటలాగు

మెకానిక్‌లు కాని వాళ్లు దీన్ని కొనరు. మా ఉద్దేశంలో సర్వీస్ మాన్యువల్ తర్వాత డబ్బు పెట్టాల్సింది దీని మీదే. ప్రతి భాగాన్నీ విడదీసి గాలిలో పేర్చినట్టు చూపే బొమ్మ, పక్కన పార్టు నంబర్లు. ఏ వాషరు ఏ స్ప్రింగు తర్వాత వస్తుంది, బుష్ ఎటు తిరిగి ఉండాలి అన్న అనుమానం సర్వీస్ మాన్యువల్‌లో తీరకపోతే ఇక్కడ తీరుతుంది.

హోండా పద్ధతి నంబర్లు చదవడం రావాలి. మొదటి ఐదు అంకెలు భాగం ఏమిటో చెబుతాయి, మధ్యవి ఏ మోడల్ కోసం తయారైందో. మామూలు బోల్టులకైతే నంబరులోనే కొలత దాగి ఉంటుంది. 96001తో మొదలైతే ఫ్లాంజ్ బోల్టు, ఆ తర్వాత 06025 అంటే 6 మిల్లీమీటర్ల మర, 25 మిల్లీమీటర్ల పొడవు. క్లచ్ కవరు బోల్టులు కలిసిపోయినప్పుడు ఈ ఒక్క సంగతి గంట పని తగ్గిస్తుంది. పొడవు బోల్టును పొట్టి రంధ్రంలో వేసి బిగిస్తే అడుగు తగిలి కేసు పగులుతుంది. పొట్టిదాన్ని పొడవు రంధ్రంలో వేస్తే రెండు మూడు చుట్లే పట్టి మర ఊడుతుంది. అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, బోల్టులు తీసినవి తీసినట్టు ఆ చోట్లలోనే గుచ్చి పెట్టుకోవడం ఇంకా మంచిది. రాణిగంజ్‌లోనో ఆటోనగర్‌లోనో కౌంటరు దగ్గర ‘స్ప్లెండర్ ఆయిల్ సీలు’ అని అడిగితే మూడు సైజులు ముందు పెడతారు. నంబరు చెబితే ఒకటే వస్తుంది.

మిగతావి

ఓనర్స్ మాన్యువల్ ఉచితం, చాలా కంపెనీల సైట్లలో దొరుకుతుంది. టైర్ల గాలి, చెయిన్ బిగువు, ప్లగ్గు నంబరు, సర్వీసింగు పట్టిక వరకు అదే చాలు. చెయిన్ పేజీలో కొలత ఎక్కడ తీయాలో, బండి ఏ స్టాండు మీద ఉండాలో ఉందా చూడండి. స్టాండు మారితే అంకె మారుతుంది.

ఐటీఐ మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సుకు నిమి సంస్థ వేసే పుస్తకాలు భారత్ స్కిల్స్ పోర్టల్‌లో ఉచితంగా ఉన్నాయి. వెర్నియర్, మైక్రోమీటరు చదవడం, బ్రేకు గాలి తీయడం, కంప్రెషన్ కొలవడం లాంటి మూల విద్యకు బాగుంటాయి. మీ బండి అంకెలు మాత్రం అందులో వెతకొద్దు. యూట్యూబు వీడియోల్లో కవరు ఎలా ఊడుతుందో చక్కగా చూపిస్తారు, టార్క్ అంకె మాత్రం చాలామంది చెప్పరు. వీడియో చూసి విప్పండి, మాన్యువల్ చూసి బిగించండి.

మన దేశంలో వర్క్‌షాప్ మాన్యువల్ కౌంటరులో అడిగి కొనడం ఇప్పటికీ కష్టమే. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు, సాంకేతిక మాన్యువళ్లు బయటి మెకానిక్‌లకు అందనివ్వలేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల పైన జరిమానా వేసింది. ఆ తర్వాత అది అప్పీళ్లలోకి వెళ్లింది. కేంద్రం 2022 డిసెంబరులో తెచ్చిన రిపేరు హక్కు పోర్టల్‌లో వాహనాలూ ఉన్నాయి. అక్కడ మీ కంపెనీ పేరు కింద ఏముందో ఒకసారి చూడటం మంచిదే. సెకండ్‌హ్యాండ్ కోసం ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు తిరగొచ్చు. పాత బుల్లెట్, యెజ్డీ, మారుతి 800 కాలం నాటి పుస్తకాలకు ఆ దారే మేలు.

ఆన్‌లైన్‌లో అమ్మే పీడీఎఫ్ అయితే డబ్బు కట్టే ముందు నాలుగు పేజీల ఫొటోలు అడగండి: మోడల్ కోడ్ పేజీ, టార్క్ పట్టిక, టాపెట్ పేజీ, వైరింగ్ షీటు. ఫైలు .ఇఎక్స్‌ఇ రూపంలో ఇస్తే తెరవొద్దు. చేతికొచ్చాక టార్క్ పట్టిక, సర్వీస్ లిమిట్ పట్టిక, టాపెట్ పేజీ ఎ4లో, వైరింగ్ బొమ్మ ఎ3 కలర్‌లో ప్రింటు తీయించి ప్లాస్టిక్ కవర్లలో పెట్టి స్పైరల్ వేయించండి. ఆయిల్ చేతులతో ఫోను స్క్రీను జరుపుతూ చదివితే పక్క వరుస అంకె కంట పడుతుంది. ఆ స్పైరల్ చివర రెండు తెల్ల కాగితాలు కలపండి, గ్యాప్ కొలిచిన తేదీ, కిలోమీటర్లు, వచ్చిన అంకె రాయడానికి. ఎగ్జాస్ట్ గ్యాప్ ప్రతిసారీ కొంచెం కొంచెం తగ్గుతూ వస్తుంటే వాల్వు సీటు లోపలికి అరుగుతోందని ఆ కాగితం మీదే ముందు తెలుస్తుంది.